కేర్ హోంలలో ఉండే పెద్దలకు పంచే కరపత్రంలో ఏం రాయాలి?

పానగల్ కట్ట:

అందరికీ నమస్తే. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల నెలనెలా పైసలు తీసుకుని నడిపే వృద్ధాశ్రమాల్లో, కేర్ హోంలలో ఉంటున్న పెద్దవాళ్ళ కోసం మా రిటైర్డ్ ఉద్యోగుల బృందం తెలుగులో రెండు పేజీల కరపత్రం వేయాలనుకుంటోంది. పంచి ఊరుకోకుండా ఒక్కో హోంలో గంటసేపు కూర్చుని చదివి వినిపించాలని ఆలోచన.

చిక్కు ఏమిటంటే, చేరేటప్పుడు రాసుకున్న ఒప్పందం చాలామంది పెద్దల దగ్గర లేదు. కొడుకో కూతురో హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో సంతకం పెట్టారు. అది ఇంగ్లీషులో ఉంది, వాళ్ళ ఫోన్లోనే ఉంది. అడ్వాన్సు ఎంత కట్టారో, ఖాళీ చేస్తే ఎంత తిరిగొస్తుందో ఆ అవ్వకూ తాతకూ తెలియదు. నెల బిల్లు కూడా పిల్లలకే వాట్సాప్‌లో పోతుంది. "కట్టేది మా పిలగాడు, అడిగే హక్కు నాకెక్కడిది" అని వాళ్ళే అంటున్నారు.

డిపాజిట్ వాపసు, బిల్లులో అదనాలు, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, ఫోన్ మోసాలు అనే నాలుగు విషయాలు పెడదామనుకున్నాం. వీటిలో కచ్చితంగా ఏం రాయాలి, ఏది వదిలేయొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి.

మూసీ ఒడ్డు:

మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలతో ఉండాల్సింది ఆ పెద్దవాళ్ళ ప్రశ్నకు జవాబే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం పైసలు కట్టినవాళ్ళే కాదు, వాళ్ళ ఒప్పుకోలుతో ఆ సేవ పొందేవాళ్ళు కూడా వినియోగదారులే. కొడుకు కట్టినా ఆ మంచం మీద పడుకునేది, ఆ అన్నం తినేది అవ్వ. కాబట్టి అడిగే హక్కు అవ్వది, ఫిర్యాదు చేయాల్సి వస్తే తన పేరుతోనే చేయొచ్చు. పైసా తీసుకోకుండా నడిపే ఆశ్రమాలు మాత్రం ఈ చట్టం కిందికి రావు. ఆ తేడా కరపత్రంలో ఒక్క వాక్యంలో చెప్పండి, లేకపోతే ఉచితంగా ఉంటున్నవాళ్ళు అనవసరంగా తిరుగుతారు.

ఇక డిపాజిట్. అన్నిటికంటే ముందు చూడాల్సింది రసీదు మీద ఉన్న మాట. "డిపాజిట్" అనో "వాపసు ఇవ్వదగిన అడ్వాన్సు" అనో ఉంటే అది మీ సొమ్మే, వాళ్ళ దగ్గర ఉందంతే. "విరాళం" అని ఉంటే తిరిగి అడగడం చాలా కష్టం. ట్రస్టు పేరుతో నడిచే చోట్ల నోటితో డిపాజిట్ అని చెప్పి, రసీదు మాత్రం విరాళానికి ఇస్తే అక్కడికక్కడే ఆపాలి. పన్ను మినహాయింపు వస్తుందని చెబితే సంతోషపడకండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు కూడా రాదు. డిపాజిట్ ఎప్పుడూ బ్యాంకు ద్వారానే కట్టాలి. 2 లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకునేవాళ్ళకే తప్పు. నగదుగానే కట్టాల్సి వస్తే 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం ఉండాలి.

లెక్క ఎట్లా వేయాలో కరపత్రంలో ఒక ఉదాహరణ పెట్టండి, మాటలకంటే అది బాగా ఎక్కుతుంది. నెలకు 18,000, డిపాజిట్ 1,20,000, ఖాళీ చేయడానికి 30 రోజుల నోటీసు, నెల చివర బిల్లు అనుకుందాం. మే 12న రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారు. 30 రోజులు జూన్ 11తో నిండుతాయి. రోజుకు 600 చొప్పున 11 రోజులకు 6,600. మే బిల్లు కట్టేసి ఉంటే వాపసు రావాల్సింది 1,13,400. ఇక్కడ మూడు చోట్ల కోత పడుతుంది. నోటీసు నోటితో చెప్పారు కాబట్టి లెక్కలోకి రాదంటారు. నెల మొదలైంది కాబట్టి పూర్తి నెల కట్టమంటారు. రంగులకు, రిపేర్లకు ఒక గుండుగుత్త మొత్తం పట్టుకుంటారు. మొదటిదానికి మందు: నోటీసు కాగితం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో "ముట్టింది" అని సంతకం తీసుకోవడం. మిగతా రెండింటికీ చేరేరోజే ఒప్పందంలో రాయించుకోవాలి: రోజువారీ లెక్కా కాదా, ఏ పాడుకు ఎంత పట్టుకుంటారు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు. గది గోడలు, బాత్‌రూం, మంచం, పరుపు చేరిన రోజునే ఫోటోలు తీసి పెట్టుకుంటే రంగుల గొడవ సగం ఉండదు.

ఇంకొకటి. దవాఖానలో పది రోజులు ఉంటే ఆ పది రోజుల తిండి ఖర్చు తగ్గిస్తారా, గది కిరాయి మొత్తం వసూలు చేస్తారా అన్నది ఎవరూ చేరేటప్పుడు అడగరు. వయసు మీదపడినవాళ్ళకు ఇది వచ్చి తీరే ఖర్చు. తప్పకుండా అడగమని రాయండి.

పిల్లలమర్రి నీడ:

నేను నర్సింగ్ వైపు నుంచి చెబుతాను. బిల్లులో అదనాల దగ్గర పెద్దలు నష్టపోయేది లెక్క తెలియక కాదు, లెక్కపెట్టే వస్తువు కళ్ళముందు లేక. డైపర్లు, గోలీలు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు హోం వాళ్ళ స్టోర్‌లో ఉంటాయి, బిల్లులో మాత్రం "మెడికల్ అదనం" అని ఒకటే గీత ఉంటుంది. వస్తువు పేరు, సంఖ్య, ధర వేరువేరుగా ఉన్న బిల్లు అడగాలి. బిల్లే ఇవ్వననడం వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

సంఖ్యలు ఇట్లా సరిచూడాలి. రోజుకు 3 డైపర్లు అంటే 30 రోజుల నెలకు 90, పది ఉన్న ప్యాకెట్లు 9. రోజుకు రెండుసార్లు వేసే షుగర్ గోలీ నెలకు 60, పదిహేను గోలీల షీట్లు 4. బిల్లులో 12 ప్యాకెట్లు, 6 షీట్లు కనిపిస్తే మిగిలినవి ఎక్కడున్నాయని అడగాలి. ఖాళీ షీట్లు పారేయకుండా ఒక కవర్లో వేసి ఉంచమని ఆయమ్మకు చెబితే చాలు, నెల చివర లెక్క తనంతట తనే తేలుతుంది.

ఇన్సులిన్ దగ్గర మాత్రం పైసల సంగతి కంటే ప్రాణం సంగతి ముఖ్యం. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 బలానిది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. 100 బలం ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు లాగితే లోపలికి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. రాత్రి షుగర్ పడిపోయి పొద్దున లేవకపోవచ్చు. తిరగేసి, అంటే 40 బలం మందును నారింజ మూత సిరంజిలో లాగితే మందు చాలక షుగర్ పెరుగుతూనే ఉంటుంది, డాక్టరేమో మోతాదు పెంచుతూ పోతాడు. హోంలో ఐదారుగురికి ఒకే ట్రేలో సూదులు పెట్టుకుని తిరిగే చోట ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. కాబట్టి పెద్దవాళ్ళకు నేర్పాల్సింది రెండే: సీసా మీద 40 ఉందా 100 ఉందా, సిరంజి మూత ఏ రంగు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి ఉండాలి, 28 రోజులు దాటితే పారేయాలి. చూపు ఆనని వాళ్ళకు పక్క మంచం మనిషి చదివి చెప్పేట్టు జత కట్టండి.

పేరు తెలియని కొత్త గోలీ ఇస్తే "ఇది దేనికి, ఏ డాక్టర్ రాశాడు" అని అడగమనండి. రాత్రిపూట గొడవ చేయకుండా ఉండాలని చీటీ లేకుండా నిద్రగోలీ ఇవ్వడం, మంచానికి కట్టేయడం సేవలో లోపమే. ఒప్పందంలో దానికి ఒప్పుకున్నట్టు రాసి ఉన్నా అది సమాధానం కాదు. మంచం దిగలేనివాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పిన వేళ, ఎటువైపు తిప్పారు అన్నది మంచం దగ్గర కాగితం మీద ఉండాలి. రోజంతటికీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఖాళీ లేకుండా టిక్కులు కనబడితే అది సాయంత్రం కూర్చుని నింపిన కాగితం. పుండు పడితే పక్కన స్కేలు పెట్టి తేదీ కనబడేట్టు ఫోటో తీయాలి.

మన జిల్లాలకే ఉన్న ఒక సంగతి కూడా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చిన పెద్దల్లో ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు, ఉన్నవాళ్ళు ఉంటారు. వెన్ను, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. చేరేటప్పుడు మేనేజరు చూసి "నడుస్తారు" అని తక్కువ రేటు ఫారం నింపుతాడు. వారానికే "లేపడానికి ఇద్దరు కావాలి" అని పై రేటు వేస్తారు. కాబట్టి చేరే రోజు ఫారంలో "నడుస్తారు" అన్న ముక్కతో సరిపెట్టుకోవద్దు. తనంతట తను మంచం మీద లేచి కూర్చోగలరా, కూర్చున్న చోటు నుంచి లేవగలరా, బాత్‌రూంకు ఎవరన్నా తోడు కావాలా అన్న మూడూ రాయించండి. తర్వాత రేటు పెంచితే ఏం మారిందో వాళ్ళే చూపాలి. నీళ్ళు బోరువా, మిషన్ భగీరథవా అని కూడా అడగండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేని చోట 1.5 వరకు. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

డిండి వాగు:

ఫిర్యాదు దారి గురించి. ముందు హోం మేనేజరుకు తేదీతో కాగితం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. తెలుగులో మాట్లాడతారు, నారాయణపేట వైపు కన్నడం వాళ్ళకు కన్నడంలోనూ మాట్లాడతారు. డాకెట్ నంబరు (మన ఫిర్యాదు నంబరు) ఇస్తారు, అది రాసి పెట్టుకోవాలి. అది కోర్టు కాదు, కంపెనీతో మాట్లాడి ఒప్పించే ఏర్పాటు. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నల్గొండలో ఉంది, మహబూబ్‌నగర్‌లో ఉంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

ఫీజు గురించి పెద్దలు భయపడతారు, ఆ భయం అక్కర్లేదు. హోంకు కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000. ఇక్కడ చూసేది మనం అడిగే నష్టపరిహారం కాదు, కట్టిన సొమ్ము. వకీలు తప్పనిసరి కాదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, దాని నంబరు 15100. గడువు గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళు. హోం హైదరాబాద్ శివారులో ఉన్నా, అవ్వ ఇప్పుడు నల్గొండలో ఉంటే నల్గొండలోనే వేయొచ్చు. కోర్టుకు రాలేకపోతే వీడియోలో వినమని దరఖాస్తు పెట్టొచ్చు.

ఒప్పందంలోనే "డిపాజిట్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వబడదు" అని ఉంటే అది అన్యాయ ఒప్పందం కింద జిల్లా కమిషన్‌లోనే కొట్టేయించుకోవచ్చు.

మూసీ ఒడ్డు:

డిండి వాగు గారూ, ఆ చివరి వాక్యం సరిచేయాలి, కరపత్రంలో అట్లాగే అచ్చయితే ఇబ్బంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46) కింద "ఈ ఒప్పందమే అన్యాయమైనది, దీన్ని చెల్లదని ప్రకటించండి" అని అడగాలంటే చట్టం ఆ అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. కట్టిన సొమ్ము 10 కోట్ల వరకయితే రాష్ట్ర కమిషన్‌కే పోవాలి, అంటే హైదరాబాద్. అదే "సేవలో లోపం ఉంది, లోపం వల్లే ఖాళీ చేశాం, మిగిలిన డిపాజిట్ ఇవ్వలేదు, బిల్లు లేకుండా వసూలు చేశారు" అని అడిగితే జిల్లా కమిషన్‌కు పోవచ్చు. రాసే తీరులో ఉంది తేడా. లక్షా ఇరవై వేల కోసం రాష్ట్ర కమిషన్‌కు పంపించడం పెద్దవాళ్ళకు న్యాయం కాదు, కాబట్టి ఫిర్యాదు మొదటి పేరాలోనే లోపం ఏమిటో, దానికి కాగితం ఏదో చూపించాలి. ఫిర్యాదు వేశాక దాన్ని విచారణకు తీసుకోవాలో వద్దో కమిషన్ 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందాక ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, ఇంకా ఇస్తే 15, అంతే. 45 దాటితే వాళ్ళ జవాబు తీసుకోరు. ఆ తేదీ మనమే లెక్కపెట్టుకుని ఉండాలి.

ఇంకో గందరగోళం కూడా తీర్చండి. చాలామంది ఆర్డీవో దగ్గరికి పోతారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద ఆర్డీవో ట్రిబ్యునల్ చూసేది పిల్లలు పోషించడం లేదన్న సంగతి, ఆస్తి రాయించుకుని వదిలేశారన్న సంగతి. నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించగలదు. హోం డిపాజిట్ అక్కడ తేలదు. కానీ కొడుకు హోం ఫీజు కట్టడం మానేసి, హోం వాళ్ళు సామాను బయట పెడతామంటుంటే ఆర్డీవోయే సరైన చోటు. ఏ కార్యాలయమో తెలియనప్పుడు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివయితే ఇవేవీ కాదు, నేరుగా 100 లేదా 112. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు కాగితం ఇవ్వడం కూడా పనికొస్తుంది, రసీదు తీసుకుంటేనే.

పానగల్ కట్ట:

చాలా థాంక్స్. రెండు సందేహాలు. పెద్దమనిషి కాలం చేస్తే డిపాజిట్ కోసం ఎవరు అడగాలి? బిల్లులో జీఎస్టీ అని వేస్తున్నారు, అది సరేనా?

మూసీ ఒడ్డు:

కాలం చేస్తే వారసులు ఫిర్యాదు చేయొచ్చు, చట్టంలోనే ఉంది. అయితే వారసులు నలుగురుంటే హోం వాళ్ళు "మీలో మీరు తేల్చుకోండి" అని ఏళ్ళు లాగుతారు. చేరే రోజే "డిపాజిట్ ఫలానా వారి ఖాతాకు వాపసు" అని ఒప్పందంలో పేరు, ఖాతా నంబరు రాయిస్తే ఈ లాగుడు చాలావరకు ఉండదు.

జీఎస్టీ సంగతి: ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధర్మసంస్థ నడిపే వృద్ధాశ్రమంలో, 60 ఏళ్ళు నిండినవాళ్ళకు, తిండి, వసతి, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 వరకు తీసుకుంటే జీఎస్టీ లేదు. విరాళాల కోసం ట్రస్టు అని, బిల్లులో జీఎస్టీ అని రెండూ కనబడితే నిలదీయాలి. లాభం కోసం నడిపే కంపెనీకి ఈ మినహాయింపు రాదు, వాళ్ళు జీఎస్టీ వసూలు చేస్తే జీఎస్టీ నంబరు ఉన్న బిల్లే ఇవ్వాలి.

డిండి వాగు:

అన్యాయ ఒప్పందం సంగతి సరిచేసినందుకు థాంక్స్, అది రాష్ట్ర కమిషనే. ఫోన్లు, బ్యాంకు గురించి నేను రాస్తాను, ఎందుకంటే హోంలో ఉండేవాళ్ళకు ఇవి ఇంట్లో ఉండేవాళ్ళకంటే వేరుగా వస్తాయి.

ఏటీఎం కార్డు, పిన్ను మేనేజరు దగ్గర పెట్టడం ఆపాలి. "పింఛను తెచ్చిపెడతాం" అని మంచిమాటతోనే తీసుకుంటారు. బ్యాంకుకు పోలేని పింఛనుదారుకు రిజర్వు బ్యాంకు దారి చూపింది: వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు చాలు, వాళ్ళలో ఒకరు బ్యాంకు అధికారి. 70 దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే బ్యాంకు సేవ ఇవ్వాలని కూడా ఆదేశం ఉంది, హోం కూడా వాళ్ళ ఇల్లే. పింఛనుదారు బతికే ఉన్నట్టు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి పోస్టుమ్యాన్ హోంకే వస్తాడు. ఆ పేరు చెప్పి ఇంకెవరైనా వచ్చి వేలిముద్ర పెట్టించుకోబోతే ఐడీ కార్డు చూడనిదే వేలు ముందుకు చాపొద్దు. ఆధార్ వేలిముద్రతో ఖాతాలో పైసలు కూడా తీయొచ్చు. అవసరం లేనప్పుడు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉంచాలి.

పోలీసులమని ఫోన్లో బెదిరించి చేసే "డిజిటల్ అరెస్ట్" అన్నది ఏ చట్టంలోనూ లేదు. పైసలు మనకు రావడానికి యూపీఐ పిన్ను కొట్టాల్సిన పని లేదు. ఈ రెండు వాక్యాలు చాలు, మోసాల జాబితా రాస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, అదే గంటలో చేస్తే ఆ సొమ్ము ఎదుటి ఖాతాలో ఆగే అవకాశం ఎక్కువ.

హోంలలో "ఉచిత వైద్య శిబిరం" అని పెట్టి మోకాళ్ళ పట్టీలు, అయస్కాంతం పరుపులు అమ్మడం మామూలయింది. షుగర్, పక్షవాతం, కంటిపొర నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. బీమా పాలసీ అమ్మితే పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లో వద్దని వాపసు ఇవ్వొచ్చు. అందుకే పత్రం వచ్చిన తేదీ కవరు మీద రాసుకోవాలి.

పిల్లలమర్రి నీడ:

నేర్పే తీరు గురించి ఒక మాట. గంటసేపు వద్దు, అరగంట. పొద్దున టిఫిన్, గోలీలు అయ్యాక, పదింటికి. మధ్యాహ్నం అన్నం తర్వాత అయితే సగం మంది కునుకు తీస్తారు. హాల్లో టీవీ, ఫ్యాన్ల మోత ఆపేయించండి. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు మాట కంటే ముందు ఆ మోతే వినబడుతుంది. కరపత్రంలో అక్షరాలు 18 పాయింట్లకు తగ్గొద్దు. వత్తులు ముద్దయిపోని ఫాంటు వాడండి, తళతళలాడే కాగితం మీద వేయొద్దు.

మేనేజరును హాల్లో కూర్చోబెట్టొద్దు. ఆయన మంచివాడే అయినా ఆయన ఎదురుగా ఏ అవ్వా డైపర్ల లెక్క అడగదు.

అన్నిటికంటే ముందు ఒక పని: కరపత్రంతో పాటు ఒక్కొక్కరికీ జిప్పు ఉన్న ప్లాస్టిక్ ఫోల్డరు ఇవ్వండి. అందులో ఒప్పందం జిరాక్స్, తెలుగులో దాని ముఖ్యమైన అరపేజీ, డిపాజిట్ రసీదు, చివరి మూడు బిల్లులు, డాక్టర్ చీటీ, చేరిన రోజు ఫారం ఉండాలి. ఆఫీసు బీరువాలో కాదు, తలగడ దగ్గరే. మొదటి సభకు ఫోల్డర్లు ఖాళీగానే ఇచ్చి, "వచ్చే ఆదివారం పిల్లలు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ ఆరు కాగితాలు అడగండి" అని పంపండి. రెండో సభలో ఎవరి ఫోల్డర్లో ఏది రాలేదో చూస్తే, ఏ హోంకు ఏ కాగితం కోసం రాయాలో మీకే తెలిసిపోతుంది.

పానగల్ కట్ట:

ఫోల్డరు మాట బాగుంది. సాంపిల్ ఒప్పందం అరపేజీ తెలుగులో రాసి ఈ వారంలో ఇక్కడే పెడతాను. మూసీ ఒడ్డు గారూ, నోటీసు రోజుల లెక్క, వాపసు గడువు ఉన్న వాక్యాలు మీరు ఒకసారి సరిచూడాలి.